కత్తెర పడకముందే చెప్పాల్సిన మాట

ఆసుపత్రి, రెండో అంతస్తు,
మెట్ల పక్క గది
జూన్ 6

నాకు గుండీ కుట్టడం నేర్పబోయి ఓడిపోయిన వదినకు,

ఫోను చేస్తే "ఆఁ, ఊఁ, మళ్ళీ చేస్తా" తప్ప నా నోటి వెంట ఇంకో మాట రాదని అలిగి, ఇకమీదట ఉత్తరాలే రాసుకుందామని తీర్పు చెప్పావు. సరే, ఇదిగో మొదటి ఉత్తరం. నా దస్తూరీ చూసి అన్నయ్య దీన్ని మందుల షాపుకు పట్టుకెళ్ళకుండా చూసుకో.

నాకో చిక్కు వచ్చిపడింది. నా దగ్గర వైద్యం చేయించుకుంటున్న ఒకాయన రావడం మానేశాడు. పేరూ ఊరూ అడక్కు, రోగుల సంగతులు నేను బయటపెట్టకూడదు. వార్డులో అందరూ ఆయన్ని నవ్వులాయన అంటారు. నువ్వూ అలాగే అనుకో. యాభై దాటాయి. పేగు కాన్సర్. ఆపరేషన్ చేశాం, ఆ తర్వాత మూడు వారాలకొకసారి చొప్పున ఆరు కోర్సుల కీమో రాశాను. నాలుగు పూర్తయ్యాయి. ఆయన రక్తపరీక్షల కాగితం చూసి మొన్న నాకు ఈల వేయాలనిపించింది. ఐదోదానికి పోయిన మంగళవారం రావాలి. రాలేదు. రెండు రోజులు ఫోను మోగింది, తీయలేదు. ఇప్పుడు మోగడం కూడా లేదు.

పెద్ద నర్సు చెప్పింది, పోయినసారి వెళ్ళేముందు ఆయన కింద బిల్లుల కిటికీ దగ్గర చాలాసేపు నిలబడ్డాడట. వెళ్ళి ఆ కిటికీలో కూర్చునే అమ్మాయిని అడిగాను.

"ఇంకా ఎంతవుతుందమ్మా మొత్తం అని అడిగాడు మేడమ్. పైన డాక్టరు గారిని అడగండి అన్నాను. 'ఆవిడ చాలా మంచిదమ్మా, ఆవిడను డబ్బు సంగతి ఎలా అడుగుతాను' అని వెళ్ళిపోయాడు" అంది.

వదినా, ఆ మాట విన్నాక ఆయన ఫైలు తీసి మొదటి పేజీ నుంచీ చదివాను. నాలుగు నెలల్లో ఆయన నాలుక చూశాను, గోళ్ళు చూశాను, కడుపు నొక్కి చూశాను. డబ్బు సంగతి ఒక్కసారీ ఎత్తలేదు. ఎత్తకపోవడమే మర్యాద అనుకున్నాను. కార్డు మీద 'వృత్తి: వ్యాపారం' అని ఉంటే కలిగినవాడే అనుకుని ఊరుకున్నాను.

నెలన్నరలోపు ఆయన మళ్ళీ మొదలుపెడితే పరవాలేదు. అంటే జూలై పదిహేను. అది దాటితే ఈ నాలుగు కోర్సులూ ఆయన పడ్డ బాధ చాలావరకు నీళ్ళపాలే.

నువ్వు రోజుకు పదిమందికి మొహం మీదే ధర చెప్తావు. ఒక్కరూ నొచ్చుకోగా చూడలేదు. నాకేమో ఆ మాట ఎత్తడమే చేతకాదు. ఎలా చెప్తావో రాయి. నిజంగా అడుగుతున్నాను, ఆటపట్టించకు.

నీ మరదలు

*

టైలరింగ్ షాపు, కటింగ్ బల్ల దగ్గర
జూన్ 10

ఇంజెక్షన్ సూది తప్ప మరో సూది పట్టని మరదలికి,

ఆటపట్టించకు అన్నావు కాబట్టి ఒక్కసారే ఆటపట్టిస్తాను. ఇన్నేళ్ళు చదివి, ఇంగ్లీషులో అంత లావు పుస్తకాలు మింగి, చివరికి దర్జీదాని దగ్గరికి పాఠానికి వచ్చావా తల్లీ! అయిపోయింది. ఇక విను.

మా షాపులో ఒకటే కట్టుబాటు. గుడ్డ మీద కత్తెర పడకముందే ధర చెప్పాలి. కత్తెర పడ్డాక చెప్తే ఆ మనిషి ఏం చేస్తాడు? గుడ్డ వెనక్కి తీసుకోలేడు, మనతో పోట్లాడలేడు, నవ్వి జేబు తడుముకుంటాడు. అందుకే టేపు మెడలో వేసుకున్న వెంటనే, కొలతలు తీయకముందే మాట్లాడేస్తాను.

అందరితోనూ మాట్లాడతాను, అది గుర్తుపెట్టుకో. కారు దిగి వచ్చినావిడతోనూ అదే మాట, చెప్పులు అరిగిపోయినావిడతోనూ అదే మాట. పేదవాళ్ళనే చూసి అడిగితే అది అవమానం. అందర్నీ అడిగితే షాపు పద్ధతి.

ఇంకొకటి. "మీ దగ్గర ఎంతుంది" అని అడగను. "ఇది రెండు రకాలుగా కుట్టొచ్చు. లైనింగు వేస్తే ఇంత, వేయకపోతే ఇంత. వేయకపోతే రెండేళ్ళు తక్కువ వస్తుంది, అంతే. మీకేది కుదురుతుంది?" అంటాను. ధరతోపాటు తేడా కూడా చెప్పాలి. లేకపోతే తక్కువది తీసుకున్నవాళ్ళు మనం చెత్త అంటగట్టామనుకుంటారు.

ఇవన్నీ నీకు రాసేముందు ఒకసారి ఆడి చూద్దామని మీ అన్నయ్యను కుర్చీలో కూర్చోబెట్టాను. నేను డాక్టరు, ఆయన రోగి. "మీకు ఖర్చు గురించి ఏమైనా దిగులుందా?" అని ఇంకా అననే లేదు, ఆయన ఛాతీ పట్టుకుని కటింగ్ బల్ల మీద వాలిపోయి ప్రాణాలు వదిలేశాడు. బేరం ఆడవయ్యా మగడా అంటే చచ్చిపోతాడు! కొలతలకు వచ్చిన ఇద్దరాడవాళ్ళు కెవ్వుమన్నారు. ఆయన చచ్చినవాడు చచ్చినట్టే ఒక కన్ను తెరిచి, "టీ ఉందా?" అన్నాడు.

రేపు పొద్దున్నే మొదలుపెట్టు. ఆ నవ్వులాయన సంగతి నాకు ఎప్పటికప్పుడు రాయి.

నీ వదిన

*

ఆసుపత్రి
జూన్ 16

వదినా,

మొదలుపెట్టాను. మొదటిరోజే పరువు పోయింది.

పొద్దున వచ్చిన మొదటి పేషెంటు ఒక ముసలాయన. కూర్చోగానే, నీ మాట ప్రకారం కొలతలు తీయకముందే, "డబ్బు సంగతి ఒకటి మాట్లాడాలి" అన్నాను. ఆయన మొహం తెల్లబోయింది. తలుపు వైపు చూశాడు. లోపలి జేబులోంచి మడతపెట్టిన కవరు తీసి నా పుస్తకం కిందికి తోశాడు. "ఇంతే ఉందమ్మా, మిగతాది వచ్చేవారం" అన్నాడు గొంతు తగ్గించి. నేను లంచం అడిగాననుకున్నాడు వదినా!

నాకు తల కొట్టేసినట్టయింది. కవరు ఆయన చేతిలో పెడితే ఆయన మళ్ళీ నా చేతిలో పెట్టాడు. చాలదేమోనని ఉంగరం కూడా తీయబోయాడు. చివరికి పెద్ద నర్సు లోపలికి వచ్చి, "తాతా, మేడమ్ తీసుకోదు. మేడమ్ మీకు మిగల్చాలని చూస్తోంది" అని చెప్పాక గానీ ఆయన ఊపిరి పీల్చుకోలేదు. ఆ తర్వాత మేం ముగ్గురం కడుపు చెక్కలయ్యేలా నవ్వాం. ఆయన కళ్ళు తుడుచుకుంటూ, "ఎంతవుతుందో చెప్పండి మరి, ఇంతదూరం వచ్చాం కదా" అన్నాడు. అప్పుడు చెప్పాను. అసలు సంభాషణ అయిదు నిమిషాలు కూడా పట్టలేదు.

ఎందుకు అడుగుతున్నానో ముందు చెప్పి అప్పుడు అడగాలన్నమాట. నువ్వు దుకాణంలో ఉంటావు కాబట్టి నీకా అవసరం లేదు. డాక్టరు నోట డబ్బు అన్న మాట వస్తే మనుషులు జడుసుకుంటారు. ఇప్పుడు ఇలా అంటున్నాను: "వైద్యంతోపాటు ఖర్చులూ చాలామందిని ఇబ్బంది పెడతాయి. అందుకని నా దగ్గరికి వచ్చే అందర్నీ అడుగుతాను. మీకు ఎలా ఉంది?" అని, ఆపై నోరు మూసుకుంటాను. నోరు మూసుకోవడమే కష్టం.

ఈ గొడవంతా విని మా పెద్ద డాక్టరు, "నువ్వొక్కదానివే ఎందుకు, అందరం నేర్చుకుందాం" అన్నాడు. ఇప్పుడు గురువారం భోజనాల తర్వాత డాక్టర్లూ నర్సులూ ఒక గదిలో చేరి సాధన చేస్తున్నాం. ఒకరు రోగి, ఒకరు డాక్టరు. ఏ కడుపైనా రెండు నిమిషాల్లో కోసే మా సర్జన్ ఉన్నాడే, "ఖర్చు" అనే మాట దగ్గరికి వచ్చేసరికి నీళ్ళు నమిలి, వాన పడేలా ఉంది కదండీ అన్నాడు. రోగి వేషంలో ఉన్న పెద్ద నర్సు, "వాన ఉచితమే గదండీ, మందు సంగతి చెప్పండి" అంది.

మాకు పాఠం చెప్తున్నదెవరో తెలుసా? బిల్లుల కిటికీ అమ్మాయి. ఏ మందుకు ఏ కంపెనీది చవకో, ఏ ట్రస్టు ఎవరికి సాయం చేస్తుందో, ఏ కాగితం ఎక్కడ ఇవ్వాలో అన్నీ ఆమెకు కంఠతా వచ్చు. ఆరేళ్ళుగా జనం ఆ కిటికీ ముందు ఏడుస్తుంటే ఒక్కతే వింటోంది. మేమెవరమూ ఆమెను పైకి పిలిచిన పాపాన పోలేదు. అంకెలన్నీ మాకు తెలియక్కర్లేదట. అడగడం మా పని, లెక్క చెప్పడం తన పని అంది.

అన్నీ బాగున్నాయి, నవ్వులాయన మాత్రం రాలేదు. ఇంకా ఇరవై తొమ్మిది రోజులు.

నీ మరదలు

*

టైలరింగ్ షాపు
జూన్ 20

మరదలు పిల్లా, కూర్చుని చదువు!

దొరికాడు! నీ నవ్వులాయన నాకు దొరికాడు!

నువ్వు పేరు చెప్పకపోతే నాకు తెలియదనుకున్నావా? నిన్న మా షాపుకు ఒకాయన వచ్చాడు. బ్యాండులో పెద్ద డ్రమ్ము వాయిస్తాడు. ఎర్ర కోటు తెచ్చి, నడుము దగ్గర బిగించమన్నాడు. ఆ కోటు పోయినేడాది కుట్టింది నేనే. టేపు పెట్టి చూస్తే నాలుగంగుళాలు వదులు. నాలుగు! మనిషి మాత్రం ఒకటే నవ్వు. "డైటింగ్ చేస్తున్నానమ్మా" అన్నాడు. టేపుకు అబద్ధం చెప్పినవాళ్ళు ఇంతవరకు లేరు. కుర్చీ వేసి, టీ తెప్పించి, నీకు నేర్పిన పద్ధతిలోనే మొదలుపెట్టాను. పావుగంటలో అంతా కక్కేశాడు. కాన్సర్. మంచి డాక్టరు. మందు పనిచేస్తోంది. ఖరీదు భరించలేక వెళ్ళడం మానేశాడు. సిగ్గుపడి డాక్టరుకు మొహం చాటేశాడు.

యాభై దాటాయి, నవ్వుతాడు, డబ్బుకు జడిసి మానేశాడు. ఇంకేం కావాలి? "మీ డాక్టరు మా ఆడపడుచే" అన్నాను. ఆయన నమ్మలేనట్టు నోరు తెరిచాడు. నీ చిరునామా కాగితం మీద రాసి చేతిలో పెట్టాను. ఇంకా నానుస్తుంటే కోటు తీసుకుని బీరువాలో పెట్టి తాళం వేశాను. "డాక్టరమ్మను చూసి వచ్చినట్టు కాగితం తెచ్చి చూపించండి, కోటు తీసుకెళ్ళండి" అన్నాను. ఈ నెలాఖరున ఆయనకు కచేరీ ఉంది. రాక చస్తాడా!

మీ అన్నయ్య నన్ను పోలీసుల్లో చేరమంటున్నాడు. నువ్వేమంటావు? తొందరగా రాయి. కోటు కుట్టుకూలి నేను తీసుకోవడంలేదు, అది నీ పద్దు.

గర్వంతో ఉబ్బిపోయిన నీ వదిన

*

ఆసుపత్రి
జూన్ 24

గర్వంతో ఉబ్బిన వదినకు,

కోటు ఇచ్చెయ్యి.

ఆ డ్రమ్మాయన శనివారం పొద్దున్నే వచ్చాడు. నన్ను చూశాడు, నేను ఆయన్ని చూశాను. ఒకరి మొహం ఒకరికి తెలియదు. ఆయన పేగు కాన్సర్ మనిషి కాదు. రక్త కాన్సర్. వైద్యం వేరే ఆసుపత్రిలో, డాక్టరు వేరే ఆయన. "మరి ఇక్కడికెందుకు వచ్చారండీ?" అంటే, "ఏమో తల్లీ, మీ వదినగారు మీరే నా డాక్టరంటున్నారు. కాదంటే కోటు ఇవ్వరట" అన్నాడు దీనంగా. మా వార్డంతా ఆ రోజు పనులు మానేసి నవ్వింది.

నువ్వు తప్పు మనిషిని పంపావు వదినా. కానీ సరైనచోటికే పంపావు. ఆయన రోజూ వేసుకోవాల్సిన మాత్రను రోజు విడిచి రోజు వేసుకుంటున్నాడు. వాళ్ళ డాక్టరు రాసింది ఖరీదైన కంపెనీది. అదే మందు ఇంకో కంపెనీది అందులో ఎనిమిదో వంతు ధరకు వస్తుంది. ఎనిమిదో వంతు! బిల్లుల అమ్మాయి పైకి వచ్చి నిమిషంలో చెప్పింది. వాళ్ళ డాక్టరుకు అప్పటికప్పుడు ఫోను చేశాను. పాపం ఆయన, "నన్నెప్పుడూ అడగలేదే!" అన్నాడు. నేనూ అచ్చం అలాగే ఉన్నాను కదా మొన్నటిదాకా. ఆయన్ని వచ్చే గురువారం మా సాధనకు రమ్మన్నాను, వస్తానన్నాడు.

డ్రమ్మాయన వెళ్తూ మా మందుల డబ్బా మీద రెండు వేళ్ళతో వాయించి చూపించాడు. నర్సులు చప్పట్లు కొట్టారు.

అందరూ వెళ్ళాక, అసలు మనిషి ఇంకా ఇంట్లోనే ఉన్నాడన్న సంగతి గుర్తొచ్చి క్యాలెండరు చూశాను. ఇరవై ఒక్క రోజులు. ఏం చేయను?

నీ మరదలు

*

ఇల్లు
జూన్ 28

అమ్మాయ్,

కోటు ఇచ్చేశాను. నడుం బిగించకుండా ఇచ్చాను, మళ్ళీ ఒళ్ళు చేస్తాడుగా. మీ అన్నయ్య నన్ను చూసినప్పుడల్లా "డాక్టరుగారూ, నేనెవరి పేషెంటునండీ" అని ఏడిపిస్తున్నాడు. పోనీలే.

ఇది షాపులో కూర్చుని రాయలేక ఇంటికి వచ్చి రాస్తున్నాను. నీకు ఇన్నేళ్ళలో చెప్పని మాట ఒకటుంది.

మా అమ్మ ఎలా పోయిందని నువ్వు చిన్నప్పుడు అడిగితే, జబ్బు చేసి అని చెప్పాను. ఆ జబ్బు కాన్సరే, నీకు బాగా తెలిసిందే. అప్పుడు నాకు పదిహేనేళ్ళు. డాక్టరు మాత్రలు రాశాడు. నెలకు సరిపడా కొనే స్తోమత లేదు. అమ్మ నా చేతికి బ్లేడు ఇచ్చి, "నీ చెయ్యి నిలకడగా ఉంటుంది, సమానంగా కోయి" అంది. రోజూ ఒక్కో మాత్ర సగానికి కోసి ఇచ్చేదాన్ని. పొడి రాలకుండా, గీత తప్పకుండా. నా చేతిపని చూసి అమ్మ ఎంత మురిసిపోయేదో. మంచి దర్జీవి అవుతావు అనేది.

ఆ డాక్టరు చెడ్డవాడేం కాదు. ప్రతిసారీ అమ్మ భుజం తట్టి, "ధైర్యంగా ఉండమ్మా" అనేవాడు. మందు ఎందుకు పనిచేయడంలేదో ఆయనకు అర్థం కాలేదు. ఆయన అడగలేదు, మేం చెప్పలేదు. ఆయన ముందు మా పరువు కాపాడుకున్నాం. ధర ముందే చెప్పే అలవాటు నాకు అక్కణ్ణుంచి వచ్చింది. ఆ డ్రమ్మాయన కోటు గుంజుకున్నదీ అందుకే. ఇంకో మనిషిని అలా వెళ్ళిపోనివ్వలేకపోయాను.

ఇప్పుడు నీకు ఏం చేయాలో చెప్తాను. నీ దగ్గర ఆయన చిరునామా ఉందిగా. నాతో ఇన్ని సంగతులు రాస్తున్నావు, ఆయనకు ఒక్క ఉత్తరం రాయి. ఎదురుగా ఉంటే ఆయన నవ్వుతాడు, నువ్వు మొహమాటపడతావు. కాగితం మీద ఇద్దరికీ ఆ బాధ లేదు. ముందు నాకు పంపు, నేను చూసి సరిచేస్తాను. నువ్వు కుట్టింది ఏదీ నేను విప్పి కుట్టకుండా నిలవలేదు ఇంతవరకు.

నీ వదిన

*

ఆసుపత్రి
జూలై 1

వదినా,

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. గురువారం సాధన దాకా ఆగలేక నిన్ననే అందర్నీ పిలిచి, ఎవరిదని చెప్పకుండా, ఆ బ్లేడు సంగతి చెప్పాను. సర్జన్ లేచి కిటికీ దగ్గరికి వెళ్ళి నిలబడ్డాడు. తర్వాత వచ్చి, "నాతో ఇంకోసారి చేయించండి" అన్నాడు. ఈసారి వాన గురించి మాట్లాడలేదు.

నువ్వు నా దగ్గరుంటే గట్టిగా పట్టుకునేదాన్ని. ఇప్పటికి ఇది చాలు.

నవ్వులాయనకు రాసిన ఉత్తరం దీనితో పెడుతున్నాను. పేరు కొట్టేశాను.

'అయ్యా, మీరు జూన్ 3న చికిత్సకు హాజరు కాలేదని గమనించడమైనది. చికిత్స మధ్యలో నిలిపివేయడం వలన తీవ్ర పరిణామాలు సంభవించవచ్చు. కావున వెంటనే సంప్రదించగలరు. ఆర్థిక సమస్యలున్నచో తెలియజేయగలరు.'

బాగుందా?

*

టైలరింగ్ షాపు
జూలై 4

అమ్మాయ్,

కరెంటు బిల్లు కట్టనివాళ్ళకు ఇలాంటిదే వస్తుంది. సుద్దముక్కతో మొత్తం కొట్టేశాను. మీ అన్నయ్య చదివి, "హాజరు కాకపోతే అరెస్టు చేస్తారా?" అన్నాడు.

ముందు తప్పు ఒప్పుకో. అప్పుడు సంగతి చెప్పు. అప్పుడు అడుగు. "సంభవించవచ్చు" అనే మాట నీ నోటితో ఎప్పుడైనా అన్నావా? అననిది రాయకు. ఇదిగో, నీ గొంతుతో నేను కుట్టి పంపుతున్నాను, కొలతలు సరిపోకపోతే సర్దుకో:

'అన్నా, మిమ్మల్ని కోప్పడ్డానికి రాయడంలేదు. నాలుగు నెలలు మీకు వైద్యం చేశాను. ఎంతవుతుందో ఒక్కసారి కూడా చెప్పలేదు. మీకెలా కుదురుతుందో అడగలేదు. తప్పు నాది. మందు బాగా పనిచేస్తోంది, ఇంకా రెండే ఉన్నాయి, ఈ పదిహేనో తేదీలోపు మొదలుపెడితే పడ్డ కష్టమంతా దక్కుతుంది. వచ్చేటప్పుడు డబ్బు తేవద్దు. ముందు ఖర్చు సంగతి మాట్లాడుకుందాం. మీకు కుదిరే దారి దొరికాకే సూది. మాట ఇస్తున్నాను.'

ఈ రోజే పోస్టు చెయ్యి.

నీ వదిన

*

ఆసుపత్రి
జూలై 12

వదినా, వదినా, వదినా,

వచ్చాడు!

గురువారం సాధన జరుగుతుంటే తలుపు దగ్గర నిలబడి ఉన్నాడు. చిక్కాడు. నవ్వలేదు. మొట్టమొదటిసారి నవ్వకుండా చూశాను ఆయన్ని. చేతిలో కాగితం. "నోటితో చెప్పలేనమ్మా, మీరు కాగితం మీద రాశారు, నేనూ కాగితం మీదే రాసుకొచ్చాను" అని ఇచ్చి కుర్చీలో కూర్చున్నాడు. ఆ ఉత్తరం కుట్టింది మా వదినేనని చెప్తే, ఆవిడకూ చూపించండి, దాచేదేం లేదిక అన్నాడు కాబట్టి ఉన్నదున్నట్టు దించుతున్నాను:

'డాక్టరమ్మా, నేను వేలం పాట పాడేవాణ్ణి. పాత సామాన్ల వేలం. కార్డు మీద వ్యాపారం అని రాయించాను, గౌరవంగా ఉంటుందని. మంచాలూ బీరువాలూ గడియారాలూ, పొద్దున్నుంచి సాయంత్రం దాకా ధరలు అరిచి బతుకుతాను. మీ దగ్గర ఒక్క ధర అడగడానికి గొంతు రాలేదు. వేలం మంగళవారం ఒక్కరోజే. నా వారం సంపాదనంతా అదే. మీరు కీమోకు ఇచ్చింది మంగళవారం. నాలుగు మంగళవారాలు పోయాయి. ఐదోది పోతే వేరే మనిషిని పెట్టుకుంటానని షెడ్డు యజమాని అన్నాడు. రక్తపరీక్షకు ముందురోజు రావాలి, ఆ ప్రయాణం ఖర్చు ఇంకోటి. వాంతుల మాత్రలు కొనడం రెండోసారికే మానేశాను. వాంతులవుతున్నాయంటే ఇంకా ఖరీదైన మాత్ర రాస్తారేమోనని మీ ముందు నవ్వేవాణ్ణి. మీ ఉత్తరం మా ఆవిడ చదివి, రేపే బయల్దేరు అంది.'

చదివి తలెత్తాను. నేను డైరీ తీశాను. మంగళవారం అని ఉన్నచోట కొట్టేసి శుక్రవారం అని రాశాను. అంతే వదినా. నా దగ్గర కుర్చీ శుక్రవారం కూడా ఖాళీగానే ఉంటుంది! మొదట్లో ఏ రోజు కుదురుతుందండీ అని నేను అడిగి ఉంటే ఆయన ఒక్క వేలం కూడా పోగొట్టుకునేవాడు కాదు. శుక్రవారం సూది, శని ఆది విశ్రాంతి, మంగళవారానికి గొంతు సిద్ధం.

రక్తపరీక్ష వాళ్ళ ఊళ్ళోనే చేయించుకుని ఫోనులో చెప్తే చాలన్నాను. వాంతుల మాత్ర చవకది రాశాను, పనిచేయడంలో తేడా లేదు. బిల్లుల అమ్మాయి మిగిలిన రెండు కోర్సుల ఖర్చంతా ఒక కాగితం మీద వేసి, కీమో మందు ఇంకో కంపెనీది చూపించి, మిగిలినదాంట్లో సగానికి ట్రస్టు ఫారం అక్కడికక్కడే నింపించింది. ఆయన కాగితం అటూ ఇటూ తిప్పి చూశాడు.

"ఇంతేనా? నేను దీనికి మూడింతలు అనుకుని భయపడి చచ్చాను కదమ్మా!" అన్నాడు.

ఆ తర్వాత నవ్వాడు. నిన్న శుక్రవారం ఐదో కోర్సు ఎక్కించాం. నాలుగు రోజులు ముందే!

మీ అన్నయ్యకు చెప్పు అని రాయబోయి ఆగాను, ఆయన మా అన్నయ్యే కదా. సంతోషంలో నాకేమీ తెలియడంలేదు.

నీ మరదలు

*

ఆసుపత్రి
ఆగస్టు 2

నా వదినకు,

నిన్న ఆరోదీ అయిపోయింది. రక్తపరీక్ష బాగుంది, స్కాను శుభ్రంగా ఉంది. ఆ మాట చెప్తే, "ఒకసారి మళ్ళీ చెప్పండి, వెనకవాళ్ళకు వినపడలేదు" అన్నాడు. వెనక గోడ తప్ప ఎవరూ లేరు. రెండోసారి గట్టిగా చెప్పాను.

మంగళవారాలు ఆయనవే ఇప్పుడు. రెండువారాల క్రితం ఒక పాత పియానో అమ్మాడట, ఎవరికీ వాయించడం రాకపోయినా దానికోసం ఇద్దరు పోటీపడ్డారట. గురువారం సాధనకు కూడా వచ్చాడు, ఈసారి రోగి వేషానికి. మా సర్జన్ చక్కగా, తడబడకుండా అడిగాడు. నవ్వులాయన ఆయనకు పూర్తి మార్కులిచ్చి, "గొంతు మాత్రం ఇంకొంచెం పెంచాలి" అన్నాడు. పక్క ఊరి ఆసుపత్రి వాళ్ళు కూడా నేర్పమని రాశారు. బిల్లుల అమ్మాయి వెళ్తోంది, టీచరుగా.

నిన్న చివరి సెలైను చుక్క దిగాక నర్సు సూది తీసి దూది పెట్టింది. ఆయన కుర్చీలోంచి లేవలేదు. గదిలో ఉన్న ఆరుగురు రోగులనూ, వాళ్ళ వెంట వచ్చినవాళ్ళనూ ఒకసారి కలయజూశాడు. గొంతు సవరించుకున్నాడు. అప్పుడు విన్నాను వదినా, ఆ గొంతు ఎలాంటిదో. రెండు అంతస్తులకూ వినపడి ఉంటుంది.

"చూడండి బాబూ చూడండి! మెత్తటి కుర్చీ! చేతులు పెట్టుకునేందుకు దిండ్లు! పక్కనే కిటికీ! ఆరుసార్లు మాత్రమే వాడింది! ఎవరు పాడతారు? ఎవరికి కావాలి?"

అందరూ నవ్వుతున్నారు. ఎవరూ పాట పాడలేదు.

"ఒకటోసారి!" అన్నాడు. అందరి మొహాలూ చూశాడు. "ఊరికే ఇచ్చినా వద్దా? రెండోసారి!"

మూలన కూర్చున్న ఒక ముసలమ్మ రెండు చేతులూ అడ్డంగా ఊపింది. "వద్దు నాయనా, నాకున్నది చాలు" అంది.

"మూడోసారి!" అని కుర్చీ చేతిని ఒక్క చరుపు చరిచి, నవ్వులాయన లేచి నిలబడ్డాడు.

నీ మరదలు